ఏప్రిల్‌లో చెరువు ఖాళీగా ఉండదు: నీటిపారుదల, అటవీ అధికారులకు బహిరంగ లేఖ

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల నీటిపారుదల ఇంజనీర్లకు, అటవీ శాఖ అధికారులకు,

నమస్కారం.

చెరువుల గురించి మీకు రోజూ ఏదో ఒక దరఖాస్తు వస్తూనే ఉంటుంది. కబ్జా అయిందనో, తూము పాడైందనో, కట్ట మీద కంపచెట్లు పెరిగాయనో. ఈ ఉత్తరం వాటి గురించి కాదు. మార్చి నుంచి జూన్ దాకా మన చెరువుల శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, రిజర్వాయర్లలో నీళ్లు తగ్గాక తేలే మట్టిదిబ్బల మీద గుడ్లు పెట్టే పక్షుల గురించి. అడగాల్సింది ముందే అడిగేస్తాను. ఆ నాలుగు నెలల్లో శిఖంలోకి జేసీబీ దిగే ముందు, పంపులు వేసి రిజర్వాయర్ నింపే ముందు, అక్కడ గూళ్లున్నాయేమో ఒకసారి చూసే పద్ధతి పెట్టండి. ఉన్నచోట పని రెండు నెలలు వాయిదా వేయండి, లేదా పక్కకు జరపండి. మిగతా ఉత్తరమంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే.

ఈ పక్షులు మీ ఫైళ్లలో లేకపోవడానికి ఒక కారణం ఉంది. మన దగ్గర నీటిపక్షుల లెక్క జనవరిలో జరుగుతుంది. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలోనే సాగుతోంది. ఉత్తరాది నుంచి వచ్చిన వలస పక్షులు ఆ నెలలో ఒకచోట కుదురుకొని ఉంటాయి కాబట్టి, అన్ని దేశాల్లో ఒకే సమయంలో లెక్కపెడితే ఒకే గుంపును రెండుచోట్ల లెక్కేసే ఇబ్బంది తగ్గుతుంది. పద్ధతి మంచిదే, మేమూ ఆ లెక్కకు పోతాం. కానీ ఏడాదికి ఒక్కసారి, అదీ చలికాలంలో లెక్కపెట్టడంతో, చెరువు పక్షి అంటే చలికాలపు చుట్టమేనన్న అభిప్రాయం అందరిలో పాతుకుపోయింది. సూదితోక బాతులు, పట్టెతల బాతులు మార్చి దాటితే కనిపించవు. ఇక ఏప్రిల్‌లో కట్ట మీద నిలబడి చూస్తే అడుగంటిన నీళ్లు, నెర్రెలు విచ్చిన మట్టి, అక్కడక్కడ గొర్లమంద, ఇంతే కనిపిస్తాయి. చూసినవాళ్లు ఖాళీ జాగా అనుకోవడంలో తప్పు లేదు.

ఆ ఖాళీ జాగాలో ఎవరుంటారో చెప్తాను. రివర్ టెర్న్ ఉంటుంది. పసుపు ముక్కు, ఎర్రటి కాళ్లు, రెండుగా చీలిన పొడవాటి తోక, ఎండాకాలం వచ్చేసరికి నెత్తిన నల్లటి టోపీ. ఏడాదంతా మన దగ్గరే ఉండే పక్షి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ముప్పు జాబితాలో వల్నరబుల్, అంటే ముప్పున్న జాతి కింద ఉంది. దానితో పాటు స్మాల్ ప్రాటిన్‌కోల్ ఉంటుంది, పిచ్చుక కంటే కాస్త పెద్దది, ఇసుక రంగు. నేల మీద కూర్చుంటే గులకరాయి, లేస్తే వానకోవెల లాంటి పిట్ట. సాయంత్రం పూట నీళ్ల మీద దోమలు, పురుగులు పడుతూ గుంపులుగా తిరుగుతుంది. కంటి చుట్టూ పసుపు ఉంగరం ఉన్న చిన్న ఉల్లంకి జాతి పక్షి లిటిల్ రింగ్డ్ ప్లవర్ ఉంటుంది. పొడవాటి గులాబీ కాళ్ల స్టిల్ట్ ఉంటుంది. ఇక తీతువు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. రాత్రిపూట అది అరిస్తే కీడు అని మన ఇళ్లలో భయపడతారు గానీ, అది అరిచేది తన గుడ్ల దగ్గరికి కుక్కో మనిషో వచ్చినందుకు.

వీటిలో ఏదీ చెట్టు మీద గూడు కట్టదు. అసలు గూడనేదే దాదాపు కట్టదు. రొమ్ముతో నేలను కాస్త నొక్కి, గుల్ల చేసి, అందులో రెండో మూడో గుడ్లు పెడుతుంది. తీతువు, ప్లవర్, స్టిల్ట్ అయితే నాలుగు దాకా. మట్టిరంగు మీద గోధుమ మచ్చలు, నల్ల మచ్చలు. తీతువు చుట్టూ చిన్న రాళ్లు, మేకపెంటికలు పేరుస్తుంది కూడా. రెండడుగుల దూరంలో నిలబడి వెతికినా దొరకదు. బర్రె గిట్ట దిగిన గుంటలో పెట్టిన గుడ్లు కూడా చూశాను.

పొదగడం అనగానే మనకు కోడి గుర్తొస్తుంది, గుడ్డుకు వేడి ఇవ్వడం. మన జిల్లాల్లో మే నెలలో జరిగేది దానికి తలకిందులు. బయట 44, 45 డిగ్రీలు, ఎండలో నేల ఇంకా వేడి. గుడ్డును వేడెక్కకుండా కాపాడటమే అప్పటి పని. మధ్యాహ్నం పన్నెండు దాటాక టెలిస్కోపుతో దూరం నుంచి చూస్తే తెలుస్తుంది. ఒక టెర్న్ గుడ్ల మీద రెక్కలు కాస్త విప్పి, నోరు తెరిచి రొప్పుతూ నిలబడి ఉంటుంది. కూర్చోదు, నీడ పడుతుంది. జంటలో రెండోది నీళ్ల మీదికి వాలి పొట్ట ఈకలు తడుపుకొని వస్తుంది. మొదటిది లేస్తుంది, తడిపొట్టతో రెండోది గుడ్ల మీద దిగుతుంది. నీటిచుక్కలు గుడ్ల మీద పడి ఆ వేడికి క్షణంలో ఆరిపోతాయి. కాసేపటికి మళ్లీ మార్పిడి. పొద్దుగూకే దాకా ఇదే డ్యూటీ. తీతువు, ప్రాటిన్‌కోల్ కూడా ఇలాగే చేస్తాయి. ఈ డ్యూటీకి ఆటంకం కలిగితే, అంటే మనిషి వచ్చి ఆ పక్షిని లేపి, పావుగంట అక్కడే తచ్చాడితే, గుడ్డు లోపలే ఉడికిపోతుంది. కాలు పెట్టి తొక్కాల్సిన అవసరం కూడా లేదు.

కాలం లెక్క కూడా చూడండి. యాసంగి వరికి చివరి తడులు అయ్యేసరికి మార్చి ఆఖరు, ఏప్రిల్. నీళ్లు కిందికి పోతాయి, దిబ్బలు తేలుతాయి. చుట్టూ నీళ్లుండి మధ్యలో నేల ఉంటే టెర్న్‌కు అదే కావాలి, నక్క రాదు, కుక్క రాదు. పొదగడానికి మూడు వారాలకు అటూ ఇటూ, పిల్ల ఎగరడానికి మరో నెల. మొత్తం రెండు నెలలు. సరిగ్గా ఆ రెండు నెలల్లోనే మనకూ చెరువులో పని ఉంటుంది. పూడిక తీసేది అప్పుడే, ఉపాధి హామీ పనులు పెట్టేది అప్పుడే, ఇటుక బట్టీలకు మట్టి తోలేది అప్పుడే, ఇళ్ల పునాదుల్లో పోయడానికి మొరం తవ్వేది అప్పుడే. నీళ్లున్నప్పుడు తవ్వలేం కదా.

పూడిక తీయొద్దని నేను అనడం లేదు. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలై రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకున్నప్పుడు, ఆ ఒండ్రు మట్టి ట్రాక్టర్లతో తోలుకొని చెలకల్లో చల్లుకున్న రైతుల్లో మా చుట్టాలూ ఉన్నారు. పూడిక తీయకపోతే చెరువే ఉండదు, చెరువు లేకపోతే పక్షీ లేదు. గొడవ తవ్వడంతో కాదు, ఎక్కడ ఎప్పుడు తవ్వాలో చెప్పే కాగితంలో పక్షి గురించి ఒక్క గీత కూడా లేకపోవడంతో.

మా దగ్గరే ఒక చెరువు ఉంది. ఊరి పేరు రాయను, రాస్తే వచ్చే వారానికల్లా కెమెరాలు దిగుతాయి, ఆ సంగతి తర్వాత చెప్తాను. ఆ చెరువు నడుమ పాత పాటిమట్టి దిబ్బ ఒకటి ఏటా ఏప్రిల్‌లో బయటపడుతుంది. దాని మీద ప్రాటిన్‌కోల్స్ పెద్ద గుంపే దిగేది, ఓ పక్కన టెర్న్‌లు. ఒక ఏడు నీళ్లు మరీ తగ్గి దిబ్బకు, ఒడ్డుకు మధ్య దారి పడింది. ఆ దారిలోనే ట్రాక్టర్లు పోయాయి. తోలించిన కాంట్రాక్టరు చెడ్డవాడేం కాదు. నేను వెళ్లి చూపిస్తే డ్రైవర్లను ఆపి, తనే వంగి వంగి వెతికాడు. "ముందే చెప్తే అటు దిక్కు నుంచి తీసేవాళ్లం కదా సార్, మట్టి ఎక్కడైనా మట్టే" అన్నాడు. నిజమే, ఎవరు చెప్పాలి? ఆయన చేతిలోని పర్మిషన్ కాగితంలో సర్వే నంబరు ఉంది, ఎన్ని క్యూబిక్ మీటర్లో ఉంది, ఏ తేదీ దాకానో ఉంది. అప్పటికే దిబ్బలో సగం లేచిపోయింది. గాలిలో పక్షులు తిరుగుతూనే ఉన్నాయి, దిగడానికి జాగా లేదు.

తర్వాత దీని గురించి అడుగుదామని ఒక ఆఫీసుకు పోతే, అది రిజర్వు ఫారెస్టు కాదు, శాంక్చువరీ కాదు, మా పరిధి కాదన్నారు. ఇంకో ఆఫీసుకు పోతే, నీళ్లు మావి, మట్టి మాది, పిట్టలు మా సబ్జెక్టు కాదన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు, చాయ్ కూడా ఇచ్చారు. అందుకే ఈ ఉత్తరం రెండు శాఖలకూ కలిపి రాస్తున్నాను.

చట్టం సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. అయినా ఇక్కడ రాయక తప్పదు. 2017 నాటి చిత్తడి నేలల సంరక్షణ నిబంధనలు మన చెరువులకు వర్తించవు. సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టుకున్న జలాశయాలను ఆ నిబంధనలే పక్కన పెట్టాయి. దక్షిణ తెలంగాణలో నీళ్లున్న చోటల్లా మనుషులు కట్టుకున్నదే. పానగల్లు ఉదయసముద్రం కందూరు చోడుల కాలం నాటిది. కోయిల్‌సాగర్, డిండి, మూసీ, జూరాల, నాగార్జునసాగర్ అన్నీ కట్టినవే. మనిషి కట్టింది కాబట్టి చిత్తడి నేల కాదు అంటే ఈ ఐదారు జిల్లాల్లో చిత్తడి నేల అనేదే లేనట్టు. కట్టిందెవరో టెర్న్‌కు తెలియదు. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి శాంక్చువరీ గోడలు లేవు. ఆ చట్టం కింద రక్షణ ఉన్న పక్షి గుడ్లను పాడుచేసినా, గూటిని చెదరగొట్టినా అది వేట కిందికే వస్తుంది, అది అడవిలో జరిగినా, ఊరి శిఖంలో జరిగినా. కాబట్టి అటవీ శాఖ పరిధి కాదన్న మాట నిలవదు. కేసులు పెట్టమని మాత్రం నేను అడగడం లేదు. ట్రాక్టర్ డ్రైవర్ మీద కేసు పెడితే ఒక్క గుడ్డు కూడా వెనక్కి రాదు. పైగా వచ్చే ఏడాది ఊళ్లో ఎవరూ మాకు గూళ్లున్నాయని చెప్పరు.

కోస్తాలో ఎలా జరుగుతుందో చూసి వచ్చినవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. జనవరిలో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ అంటే నల్లగొండలో నారాయణాద్రి ఎక్కి గూడూరులో దిగి, అక్కడి నుంచి నేలపట్టు, పులికాట్ చుట్టి వస్తారు. నేలపట్టు 1976 నుంచి పక్షుల సంరక్షణ కేంద్రం. అదీ ఒక చెరువే. ఈశాన్య రుతుపవనాల వానకు నిండుతుంది, నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. ఆ చెట్ల కిందికి ఎవరినీ పోనివ్వరు. టవర్ ఎక్కి దూరం నుంచి చూడాలి. గూడు కనిపిస్తుంది కాబట్టి దానికి కాపలా ఉంది, బోర్డు ఉంది, టికెట్ కూడా ఉంది.

ఎండాకాలంలో ఆ తీరానికి పోయేవాళ్లు తక్కువ. నిజానికి అప్పుడు పోతేనే కొన్ని సంగతులు తెలుస్తాయి. ఉత్తరాదికి వెళ్లిపోయాయనుకున్న ఒడ్డు పక్షుల్లో కొన్ని ఏప్రిల్, మే, జూన్‌లో కూడా అక్కడి బురదల్లోనే మేస్తుంటాయి. మొదటి ఏడాది పిల్లలు, ఇంకా గుడ్లు పెట్టే వయసు రానివి. అంతదూరం ఎగిరిపోయి అక్కడ చేసేదేమీ లేదు కాబట్టి ఇక్కడే ఉండిపోతాయి. దక్షిణ భారత తీరంలోనూ శ్రీలంకలోనూ గుడ్లు పెట్టే ప్లవర్ ఒకటుంది. చాలాకాలం దాన్ని కెంటిష్ ప్లవర్‌లో భాగమే అనుకున్నారు, 2023లో వేరే జాతి అని తేల్చి హనుమాన్ ప్లవర్ అన్నారు. ఎండాకాలం ఉప్పునేల మీద గుడ్లు పెట్టే పక్షిని వేరే జాతిగా ఇంత ఆలస్యంగా గుర్తించారంటే, ఆ కాలంలో ఆ నేలను చూసినవాళ్లు ఎంత తక్కువో! అదలా ఉంచితే, అదే తూర్పు తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడితే, సీజన్ అంతా మనుషులు రాత్రిళ్లు తిరిగి వాటిని ఏరి, కంచె వేసిన హ్యాచరీల్లో పెట్టి, పిల్లల్ని సముద్రంలో వదులుతారు. అటవీ శాఖే ఇందులో ముందుంటుంది, మత్స్యకారుల పిల్లలు సాయం పడతారు. నేల మీది గుడ్లకు కాలం చూసి కాపలా పెట్టడం ఎలాగో శాఖకు తెలియని విద్య ఏమీ కాదు. చంబల్ నదిలో ఇండియన్ స్కిమ్మర్ గూళ్లకు ఊరివాళ్లనే కాపలా పెట్టి, వాళ్లకు కూలి ఇచ్చి, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ (బీఎన్‌హెచ్ఎస్) అదే పని చేయిస్తోంది. ఇసుకదిబ్బకు కుక్కలు, పశువులు రాకుండా చూడటమే ఆ కాపలాదారు ఉద్యోగం.

మన చెరువుల్లో ఇంత హంగు అక్కర్లేదు. పక్షుల గుడ్లను తాబేలు గుడ్లలా తీసి వేరేచోట పెట్టడం కుదరదు కూడా, తల్లి వదిలేస్తుంది. ఇక్కడ కావాల్సింది సమాచారం, కొంచెం ఓపిక.

సమాచారం ఎవరి దగ్గర ఉందో మీకూ తెలుసు. నీరటికాడిని అడగండి. ప్రతి చెరువు మీదా పొద్దున్నే, సాయంత్రం తిరిగే మనిషి. ఏ దిబ్బ ఏ నెలలో తేలుతుందో, దాని మీద పిట్టలు లొల్లి పెడుతున్నాయో లేదో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కాలువల మీద లష్కర్లున్నారు. గొర్లు మేపుకునేవాళ్లున్నారు. వాళ్లు మంద తోలుకుంటూ పోతుంటే తీతువు నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంది, ఆ అరుపును బట్టి గుడ్లు ఇటున్నాయో అటున్నాయో చెప్పగలరు. మత్స్య సహకార సంఘం వాళ్లు థర్మాకోల్ తెప్పల మీద రోజూ దిబ్బల పక్క నుంచే పోతారు. వీళ్లను అడిగి చెరువుకు ఒక పేజీ రాసుకుంటే చాలు. మీ దగ్గర ప్రతి చెరువుకూ ఎఫ్‌టీఎల్ మ్యాప్, అంటే చెరువు నిండితే నీళ్లు ఎందాకా వస్తాయో చూపే పటం, ఉండనే ఉంది, దాని మీద దిబ్బల చోట పెన్సిల్‌తో ఒక గుండ్రం చుట్టండి. పర్మిషన్ ఇచ్చేటప్పుడు ఆ గుండ్రం లోపల మే ఆఖరు దాకా తవ్వకం లేదని ఒక వాక్యం చేర్చండి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతోనే చాలాచోట్ల ఈ పొరపాటు జరుగుతుంది. గూడు దొరికిందని దాని పక్కనే ఎర్రజెండా పాతొద్దు. కాకులు తెలివైనవి, జెండా ఉన్నచోట గుడ్డుందని రెండు రోజుల్లో నేర్చుకుంటాయి. మనుషులు కూడా జెండా చూసి ఏముందోనని దగ్గరికి వస్తారు. పెట్టాలంటే దిబ్బ మొత్తానికి దూరంగా, ఒడ్డు వైపు నుంచి ట్రాక్టర్ దారి దగ్గర పెట్టాలి. దిబ్బకు, ఒడ్డుకు మధ్య నీళ్లు ఎండిపోయి దారి పడితే, అదే జేసీబీతో ఆ దారికి అడ్డంగా ఒక కాలువ గీస్తే కుక్కలు ఆగుతాయి. గంట పని. పూడిక ఎలాగూ తీస్తున్నారు కదా, ఆ గంట పూడిక అక్కడ తీయించండి. మా వాట్సాప్ గ్రూపులో దీని మీద పెద్ద వాదమే జరిగింది, ప్రకృతిలో మనం వేలు పెట్టొద్దని ఒక మిత్రుడు పట్టుబట్టాడు. తూములు, పంపులు పెట్టి నీళ్లను మనమే ఆడిస్తున్నప్పుడు వేలు ఎప్పుడో పెట్టేశాం అని నా అభిప్రాయం.

ఇక పంపుల దగ్గరికి వస్తాను. ఇది ఇంజనీర్లకు ప్రత్యేకంగా చెప్పాలి. పాత చెరువు ఎండాకాలంలో తగ్గడమే తప్ప పెరగడం ఉండేది కాదు, వానొస్తే తప్ప. ఇప్పుడు అలా లేదు. సాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిన నీళ్లు అక్కంపల్లికి, అక్కడి నుంచి ఏఎంఆర్ (ఏలిమినేటి మాధవరెడ్డి) ప్రాజెక్టు కాలువ మీదుగా ఉదయసముద్రానికి వస్తాయి. మన దగ్గర ఇప్పుడు చాలా రిజర్వాయర్లు ఇలా ఎత్తిపోతల మీదే నిండుతున్నాయి. తాగునీటి కోసం మే నెలలో ఒకసారి నీళ్లు వదిలితే, మూరెడు ఎత్తున్న దిబ్బ మీద గూళ్లన్నీ ఒక రాత్రిలో మునిగిపోతాయి. టెర్న్‌కు ఇది అర్థమయ్యే విషయం కాదు. ఏప్రిల్‌లో నీళ్లు తగ్గితే జూన్ దాకా తగ్గే ఉంటాయన్నది దానికి వేల ఏళ్ల లెక్క.

మనుషుల నోటికాడి నీళ్లు ఆపమని ఎవరూ అడగరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన జిల్లా మాది, కృష్ణా నీళ్ల విలువ మాకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. అడిగేదల్లా మీ చేతిలో ఉన్నంత వరకు, నింపాల్సింది మార్చిలోనే నింపి ఆ మట్టాన్ని అలా ఉంచడం సాధ్యమా, లేదా జూన్ మొదటి వారం దాకా ఆగి నింపడం సాధ్యమా, లేకపోతే ఒక్కసారిగా కాకుండా రోజుకు కొంచెం చొప్పున పెంచడం సాధ్యమా అని. మార్చిలోనే మట్టం పెరిగి ఉంటే పక్షులు ఇంకాస్త ఎత్తున్న చోటు చూసుకుంటాయి. గుడ్లు పెట్టాక పెంచితేనే చిక్కు. పెద్ద రిజర్వాయర్ల సంగతి వేరు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, ఎండాకాలంలో 510 దగ్గరికి వచ్చిన ఏళ్లున్నాయి. శ్రీశైలం వెనుక జలాలు తగ్గితే సప్తనదుల సంగమేశ్వరాలయం బయటపడేంత తేడా. అంత పెద్దచోట ఒక దిబ్బ మునిగినా ఇంకోటి ఉంటుంది, సోమశిల వైపు మైళ్ల కొద్దీ ఖాళీ ఒడ్డు తేలుతుంది. ఇబ్బంది అంతా చిన్న, మధ్యతరహా జలాశయాల్లోనే. అక్కడ ఒకే దిబ్బ ఉంటుంది.

కెమెరాల సంగతి తర్వాత చెప్తానన్నాను. ఇది మా వాళ్ల మీద మేమే పెడుతున్న ఫిర్యాదు. ఫేస్‌బుక్‌లో ఒక టెర్న్ పిల్ల ఫొటో పడితే మరుసటి ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి కార్లు వస్తాయి. లెన్సు పొడవు మోచేతి కంటే ఎక్కువే, అయినా ఇంకా దగ్గరికి పోవాలి. తల్లి లేచి అరుస్తుంటే "యాక్షన్ షాట్" అంటారు. ఒకరిద్దరు డ్రోన్ కూడా ఎగరేశారు. ఆ పావుగంటలో ఏం జరుగుతుందో పైన రాశాను. చలికాలంలో బాతుల దగ్గరికి పోతే అవి లేచి ఇంకో మూలకు పోతాయి, అంతకంటే నష్టం లేదు. ఎండాకాలంలో అదే పని చేస్తే పిల్లలే పోతాయి. అందుకని ఎండాకాలంలో పక్షులు చూడొద్దని కాదు, అసలు చూడాల్సిందే అప్పుడు. పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా, కట్ట దిగకుండా, బైనాక్యులర్‌తో. కట్ట మీది నుంచి దిబ్బ కనిపించకపోతే అది మనకు కనిపించక్కర్లేని దిబ్బ. అటవీ శాఖ వారు ఈ నాలుగు నెలలకు ఈ మాట ప్రకటనగా ఇస్తే, చదువుకున్నవాళ్లు చాలామంది వింటారు. వినని కొందరిని ఊరివాళ్లే ఆపుతారు, ఆపడానికి చేతిలో ఒక కాగితం ఉండాలి కదా.

ఇవన్నీ అన్ని చెరువులకూ ఒకేసారి చేయడం ఎవరి వల్లా కాదు. సిబ్బంది కొరత నాకు తెలియంది కాదు, ఒక్కో ఏఈ కింద ఎన్నెన్ని చెరువులో కూడా తెలుసు. జిల్లాకు రెండు మూడు జలాశయాలతో మొదలుపెట్టండి. మధ్యలో దిబ్బలు తేలేవి, ఏటా మట్టి పర్మిషన్లు అడిగేవి, పంపులతో నిండేవి చూసుకోండి. పక్షులు గుర్తుపట్టే పని మేం చేస్తాం. నల్లగొండలో, పాలమూరులో బైనాక్యులర్ పట్టుకొని తిరిగే కాలేజీ పిల్లలు, టీచర్లు, రిటైరైనవాళ్లు ఉన్నారు. జీతం వద్దు, జీపు వద్దు. పర్మిషన్ ఇచ్చే వారం ముందు ఫలానా చెరువులో తవ్వకం ఉందని ఒక్క మెసేజ్ పెడితే, తెల్లారేసరికి కట్ట మీద ఉండి, సాయంత్రానికల్లా మ్యాప్ మీద గుర్తులు పెట్టి పంపుతాం. ఏమీ లేకపోతే లేదనే రాస్తాం, మీ పని మీరు చేసుకోవచ్చు.

జనవరి లెక్కతో పాటు ఏప్రిల్ రెండో వారంలో కూడా ఒక రోజు లెక్కపెడదామని మేం అనుకుంటున్నాం. అటవీ శాఖ నుంచి ఒక బీట్ ఆఫీసర్, నీటిపారుదల నుంచి ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్ మాతో వస్తే ఆ లెక్కకు ఒక విలువ వస్తుంది. గొడుగు, నీళ్లసీసా తెచ్చుకుంటే చాలు, సద్దన్నం మేం తెస్తాం. ఈ ఏడాది రిజర్వాయర్లు నింపే తేదీలు ఎప్పుడు ఖాయమవుతాయో, మట్టి పర్మిషన్ల దరఖాస్తులు ఎప్పుడు పరిశీలిస్తారో ఫిబ్రవరి లోపల తెలియజేస్తే మా తేదీని దాన్ని బట్టి పెట్టుకుంటాం.

ఇట్లు,
నల్లగొండ నుంచి, ఎండాకాలం కూడా చెరువు కట్టల మీద తిరిగే ఒక పక్షుల పరిశీలకుడు